డ్రెడ్ స్కాట్ కేసు: చిన్న పాయింటు మీద ముగియాల్సిన దావా

అమెరికా అంతర్యుద్ధానికి ముందు బానిసత్వం మీద జరిగిన గొడవల్లో ఒక్కదాన్ని ఎంచుకుని చదవమంటే, సివిల్ లాయరుగా నేను డ్రెడ్ స్కాట్ కేసునే ఎంచుకుంటాను. కాన్సాస్ హత్యలు, సెనేట్ హాల్లో బానిసత్వ వ్యతిరేక సెనేటర్ సమ్నర్ మీద జరిగిన చేతికర్ర దాడి చదవడానికి ఇంతకంటే ఉత్కంఠగా ఉంటాయి. అయితే రాజకీయంగా తేలని తగాదాను కోర్టు చేతిలో పెట్టి ‘ఇక మీరే తేల్చండి’ అంటే ఏమవుతుందో ఈ కేసు కట్టలో దశలవారీగా కనిపిస్తుంది.

ఇది ఒక కుటుంబం స్వేచ్ఛ కోసం వేసిన దావా. పదకొండేళ్లు నడిచింది. స్కాట్‌ను ఓడించాలనుకుంటే సుప్రీంకోర్టుకు ఒక చిన్న కారణం సరిపోయేది. ఆ కారణం చేతిలో సిద్ధంగానే ఉంది, దాని మీద తీర్పు రాయడం కూడా మొదలైంది. దాన్ని పక్కన పెట్టి జడ్జీలు దేశం మొత్తానికీ ఒకేసారి తీర్పు చెప్పబోయారు. ఉత్తర, దక్షిణాలు రాజీపడటానికి అప్పటిదాకా మిగిలి ఉన్న కాస్త చోటు దాంతో మూసుకుపోయింది. స్కాట్ ఓడిపోవడం కంటే ఇదే దేశాన్ని ఎక్కువ దెబ్బ తీసిందని నా అభిప్రాయం.

దావాకు ముందు జరిగింది

డ్రెడ్ స్కాట్ వర్జీనియాలో బానిసగా పుట్టాడు. యజమాని పీటర్ బ్లో కుటుంబం అలబామా మీదుగా 1830లో మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌కు వచ్చింది. అక్కడ అతన్ని జాన్ ఎమర్సన్ అనే ఆర్మీ డాక్టరు కొన్నాడు. డాక్టరుకు ఎక్కడ పోస్టింగ్ పడితే స్కాట్ కూడా అక్కడికి వెళ్లాల్సిందే. 1833లో ఇల్లినాయిలోని ఫోర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు, 1836లో ఇప్పటి మిన్నెసోటాలో ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్‌కు వెళ్లాడు. ఇల్లినాయి బానిసత్వాన్ని నిషేధించిన రాష్ట్రం. ఫోర్ట్ స్నెల్లింగ్ ఉన్నది ఇంకా రాష్ట్రం కాని, కేంద్రం కింద ఉన్న టెరిటరీ. 1820 నాటి మిస్సోరీ రాజీ చట్టం ప్రకారం, ఫ్రాన్స్ దగ్గర కొన్న లూసియానా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన, ఒక్క మిస్సోరీలో తప్ప, బానిసత్వం ఉండకూడదు. ఫోర్ట్ స్నెల్లింగ్ ఆ గీతకు చాలా పైన ఉంది.

అక్కడే హ్యారియెట్ రాబిన్‌సన్‌తో స్కాట్ పెళ్లి జరిగింది. ఆమె యజమాని, అమెరికా ఆదివాసీ తెగల వ్యవహారాలు చూడటానికి ప్రభుత్వం నియమించిన ‘ఇండియన్ ఏజెంటు’. జస్టిస్ ఆఫ్ ద పీస్ (స్థానిక మేజిస్ట్రేట్) హోదాలో ఆ పెళ్లి చేయించిందీ ఆయనే. బానిసల పెళ్లికి దక్షిణాది చట్టంలో విలువే లేదు. ఇక్కడ యజమానుల అంగీకారంతో, బానిసత్వం చెల్లని నేల మీద, ఒక అధికారి చేతుల మీదుగా పెళ్లి జరిగింది. వాళ్లను స్వతంత్రులుగా ఒప్పుకున్నట్టే అని వాదించడానికి ఇంతకంటే మంచి పాయింటు దొరకదు. ఆ పాయింటును గట్టిగా పట్టుకున్నది చివరికి సుప్రీంకోర్టులో భిన్న తీర్పు రాసిన జస్టిస్ కర్టిస్.

1838లో స్టీమర్ మీద వెళ్తుండగా, మిస్సోరీ సరిహద్దుకు ఉత్తరాన పెద్దకూతురు ఎలైజా పుట్టింది. రెండో కూతురు లిజీ మిస్సోరీలో పుట్టింది. ఎమర్సన్ 1843లో చనిపోయాడు. ఆస్తి వ్యవహారాలతో పాటు ఈ కుటుంబం కూడా ఆయన భార్య ఐరీన్ చేతికి వచ్చింది. 1846 ఏప్రిల్ 6న డ్రెడ్, హ్యారియెట్ ఇద్దరూ సెయింట్ లూయిస్ సర్క్యూట్ కోర్టులో విడివిడిగా దావాలు వేశారు.

హ్యారియెట్ దావా గురించి ఒక మాట. బానిస చట్టంలో పిల్లల హోదా తల్లిని బట్టి ఉంటుంది. ఆమె స్వతంత్రురాలని తేలితే ఇద్దరు ఆడపిల్లలూ స్వతంత్రులే. 1850లో ఇరుపక్షాల లాయర్లూ డ్రెడ్ కేసునే ముందుకు నడిపిద్దామని, దాని ఫలితమే ఆమెకూ వర్తిస్తుందని ఒప్పుకున్నారు. ఖర్చు, సమయం కలిసొస్తాయి, నిజమే. కానీ నలుగురి భవిష్యత్తులో ముగ్గురిది ఆధారపడిన దావాను అలా వెనక్కి నెట్టడం నాకు మింగుడు పడదు.

సెయింట్ లూయిస్ కోర్టులో

బానిస కోర్టుకెక్కడం ఏమిటని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది గానీ, మిస్సోరీలో అది మామూలే. తనను అన్యాయంగా బానిసగా ఉంచారనుకున్న మనిషి దావా వేయడానికి, కోర్టు లాయరును ఇవ్వడానికి రాష్ట్ర చట్టమే వీలు కల్పించింది. సెయింట్ లూయిస్ కోర్టు రికార్డుల్లో ఇలాంటి దావాలు 300కు పైగా ఉన్నాయి. ప్లీడింగ్ కూడా తమాషాగా ఉంటుంది: ‘నేను స్వతంత్రుణ్ణి, ప్రతివాది నన్ను కొట్టి, అక్రమంగా నిర్బంధించాడు’ అని దెబ్బలకు నష్టపరిహారం అడగాలి. ‘వాది నా బానిస’ అని ప్రతివాది జవాబిస్తాడు. అప్పుడు అసలు ఇష్యూ బయటికొస్తుంది.

పూర్వ తీర్పులు స్కాట్‌కు అనుకూలం. 1824 నుంచి మిస్సోరీ సుప్రీంకోర్టు ఒకే మాట మీద ఉంది: యజమాని తనే తీసుకెళ్లి స్వేచ్ఛా నేల మీద కాపురం పెట్టిస్తే బానిసకు విముక్తి వచ్చినట్టే, మిస్సోరీకి తిరిగొచ్చినా అది పోదు. 1836 నాటి రేచల్ కేసు అయితే అచ్చం ఇదే. అక్కడా ఆర్మీ ఆఫీసరే, అక్కడా ఫోర్ట్ స్నెల్లింగే. ‘డ్యూటీ మీద వెళ్లాను, నా ఇష్టం కాదు’ అన్న వాదన చెల్లలేదు.

ఇంత అనుకూలంగా ఉన్నా 1847లో మొదటి విచారణలో స్కాట్ ఓడిపోయాడు. ఐరీన్ తనను బానిసగా ఉంచుకుందని నిరూపించడానికి, తనను కూలికి తీసుకున్న శామ్యూల్ రసెల్‌ను సాక్షిగా పిలిపించారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతను, మాట్లాడుకున్నదంతా మా ఆవిడేనని, తాను డబ్బు మాత్రం ఇచ్చానని చెప్పాడు. దాంతో అతని సాక్ష్యం వినికిడి మాటగా మిగిలింది. ఐరీన్ యజమానురాలని ఎవరూ నిరూపించలేదు కాబట్టి స్కాట్ ఆమె బానిసగానే ఉండిపోయాడు! జూనియర్లకు సాక్షిని ముందుగా కూర్చోబెట్టి అడగడం ఎందుకో చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

రీ-ట్రయల్‌కు అనుమతి దొరికింది గానీ మధ్యలో అప్పీలు, 1849లో ఊళ్లో అగ్నిప్రమాదం, కలరా. ఆ కాలమంతా స్కాట్ కుటుంబం షెరీఫ్ ఆధీనంలో ఉంది. షెరీఫే వాళ్లను కూలికి పంపి, వచ్చిన డబ్బు కేసు తేలేదాకా దాచిపెట్టేవాడు. 1850 జనవరిలో ఈసారి రసెల్ భార్య వాంగ్మూలంతో లోటు పూడింది. స్కాట్ స్వతంత్రుడని జూరీ తేల్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కేసు పేరు ఎవరికీ తెలిసేది కాదు.

మిస్సోరీ వెనక్కి తిరిగింది

ఐరీన్ అప్పీలుకు వెళ్లింది. 1852 మార్చి 22న మిస్సోరీ సుప్రీంకోర్టు 2-1తో కింది తీర్పును కొట్టేసింది. మెజారిటీ రాసిన జడ్జి విలియం స్కాట్ దాపరికం లేకుండానే చెప్పాడు: పాత తీర్పులు వచ్చినప్పటి కాలం ఇప్పుడు లేదు, బానిసత్వం మీద పగబట్టినవాళ్లు తయారయ్యారు, కాబట్టి వేరే రాష్ట్రాల చట్టాలను మనం మన్నించాల్సిన పని లేదు. జడ్జి హ్యామిల్టన్ గ్యాంబుల్ స్వయంగా బానిసలున్నవాడే అయినా ఒప్పుకోలేదు. కాలం మారినా సూత్రాలు మారవని భిన్న తీర్పు రాశాడు. ఒక వివరం గమనించాలి: ఆ కోర్టు జడ్జీలు అప్పటికే ఎన్నికల్లో గెలిచి వస్తున్నారు.

‘కాలం మారింది’ అన్న మాట మాత్రం అబద్ధం కాదు. చర్చిలు ముందే చీలాయి. బానిసలున్న ఒక బిషప్ విషయంలో తగాదా పడి మెథడిస్టులు 1844లో, ఆ మరుసటి ఏడాది బాప్టిస్టులు ఉత్తర, దక్షిణ శాఖలుగా విడిపోయారు. మెక్సికో యుద్ధంలో వచ్చిన కొత్త నేల మీద బానిసత్వం ఉండాలా వద్దా అన్న గొడవ 1850 రాజీతో పైపైన చల్లారింది. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రంగా చేరింది, బదులుగా దక్షిణాదికి పారిపోయిన బానిసలను పట్టిచ్చే కఠిన చట్టం దక్కింది. ఆ చట్టం కింద జూరీ లేదు, పట్టుబడ్డ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పే వీల్లేదు. కమిషనర్ ఆ మనిషిని అప్పగిస్తే ఫీజు 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. అప్పటిదాకా బానిసత్వాన్ని ‘వాళ్ల గొడవ’ అనుకున్న బోస్టన్ వ్యాపారి కూడా తన వీధిలో మనిషిని సంకెళ్లతో లాక్కెళ్లడం కళ్లారా చూశాడు.

ఫెడరల్ కోర్టుకు

రాష్ట్రంలో దారి మూసుకుపోయాక, ఐరీన్ సోదరుడు జాన్ శాన్‌ఫర్డ్ న్యూయార్క్‌వాసి కావడం స్కాట్‌కు కలిసొచ్చింది. వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య దావాలు ఫెడరల్ కోర్టు వినొచ్చు. రోజ్‌వెల్ ఫీల్డ్ అనే లాయరు 1853లో స్కాట్ తరఫున దావా వేశాడు. స్కాట్ మీద, భార్య మీద, పిల్లల మీద దౌర్జన్యం జరిగిందని 9,000 డాలర్లు అడిగారు.

శాన్‌ఫర్డ్ మొదట విచారణార్హత మీద దెబ్బకొట్టాడు: వాది ఆఫ్రికన్ సంతతివాడు, కనుక పౌరుడు కాడు, కనుక ఈ కోర్టుకు పరిధి లేదు. జడ్జి రాబర్ట్ వెల్స్ ఆ అభ్యంతరాన్ని కొట్టేశాడు. దావా వేసే హక్కు వరకు పౌరుడిగా లెక్కించొచ్చు అన్నాడు. అయితే అసలు విషయానికొచ్చాక, తిరిగొచ్చిన మనిషి హోదాను మిస్సోరీ చట్టమే నిర్ణయిస్తుందని జూరీకి చెప్పాడు. 1854 మేలో స్కాట్ మళ్లీ ఓడాడు. ఆ నెలలోనే కాంగ్రెస్‌లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వచ్చింది. 1820 గీత చెరిగిపోయింది. టెరిటరీలో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే తేల్చుకోవాలన్నది సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ సూత్రం. తేల్చుకోవడానికి కాన్సాస్‌కు రెండు వైపులా జనం తుపాకులతో వెళ్లారు. ఉత్తరాదిలో రిపబ్లికన్ పార్టీ పుట్టింది.

అంటే స్కాట్ అప్పీలు సుప్రీంకోర్టుకు చేరేసరికి, అందులో చర్చకొచ్చే మిస్సోరీ రాజీ చట్టం అమల్లోనే లేదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

నెల్సన్ రాసిన తీర్పు

1856 ఫిబ్రవరిలో వాదనలు జరిగాయి. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది కావడంతో కోర్టు తీర్పు చెప్పకుండా డిసెంబరులో మళ్లీ వింది. స్కాట్ తరఫున మాంట్‌గోమరీ బ్లెయిర్ ఫీజు లేకుండా వాదించాడు. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు బానిస రాష్ట్రాలవాళ్లు.

1857 ఫిబ్రవరిలో జడ్జీలు సమావేశమైనప్పుడు మెజారిటీ ఒక ఇరుకైన దారి ఎంచుకుంది. 1851లో ఇదే కోర్టు కెంటకీ నుంచి వచ్చిన స్ట్రేడర్ కేసులో, సంగీతం వాయించడానికి ఒహైయోకు వెళ్లొచ్చిన బానిసల హోదాను కెంటకీ చట్టమే తేలుస్తుందని చెప్పింది. దాన్నే పట్టుకుంటే మిస్సోరీ కోర్టు మాటే చివరి మాట. పౌరసత్వం జోలికి, కాంగ్రెస్ అధికారం జోలికి పోనక్కర్లేదు. ఈ లైనులో తీర్పు రాసే పని న్యూయార్క్‌కు చెందిన జస్టిస్ శామ్యూల్ నెల్సన్‌కు అప్పగించారు.

స్కాట్ కుటుంబానికి ఇది అన్యాయమే అయ్యేది. ఉత్తరాది పత్రికలు రెండు వారాలు తిట్టేవి. కానీ డగ్లస్ తన సూత్రంతో, రిపబ్లికన్లు తమ ప్రణాళికతో, దక్షిణాది తన డిమాండ్లతో ఎక్కడివాళ్లక్కడే ఉండేవారు.

కొద్ది రోజుల్లోనే మెజారిటీ మనసు మార్చుకుంది. అన్ని ప్రశ్నలకూ జవాబివ్వాలని, ఆ తీర్పు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీయే రాయాలని నిర్ణయించారు. జస్టిస్‌లు మెక్‌లీన్, కర్టిస్ ఎలాగూ అన్ని అంశాల మీదా భిన్న తీర్పులు రాయబోతున్నారు కాబట్టి తప్పలేదని కొందరంటారు. దక్షిణాది జడ్జీలు మొదటి నుంచీ ఇదే కోరుకున్నారని మరికొందరు. నాకు రెండో మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది. ఎదుటివాడు పెద్ద ప్రశ్న ఎత్తినంత మాత్రాన మెజారిటీ దానికి జవాబు చెప్పాలని ఎక్కడా లేదు.

తెరవెనుక మరొకటి జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికై, ఇంకా ప్రమాణం చేయని జేమ్స్ బుకానన్ కేసు సంగతేమిటని జస్టిస్ క్యాట్రన్‌కు ఉత్తరం రాశాడు. క్యాట్రన్ సలహా మీద, తన సొంత రాష్ట్రం పెన్సిల్వేనియాకు చెందిన జస్టిస్ గ్రియర్‌కూ రాశాడు. మెజారిటీ అంతా దక్షిణాదివాళ్లే అయితే బాగుండదు, ఒక ఉత్తరాది జడ్జి కలవాలన్నది ఉద్దేశం. గ్రియర్ ఒప్పుకోవడమే కాకుండా, రాబోయే ఫలితాన్ని ముందే తెలియజేశాడు. మార్చి 4న బుకానన్ ప్రమాణ స్వీకార ప్రసంగంలో, టెరిటరీల ప్రశ్న సుప్రీంకోర్టు త్వరలో శాశ్వతంగా తేల్చబోతోందని, తీర్పు ఏదైనా తాను సంతోషంగా తలొగ్గుతానని అన్నాడు. తీర్పు ఏమిటో తెలిసిన మనిషి చెప్పిన మాట అది. ఆ ఉత్తరాలు దశాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు. ఆనాడే బయటపడి ఉంటే ఆ కోర్టు పరువు ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మార్చి 6

ఎనభైకి దగ్గరపడ్డ టేనీ రెండు గంటల సేపు తీర్పు చదివాడు. ఫలితం 7-2. తొమ్మిది మందీ విడివిడిగా రాశారు కాబట్టి ఏ అంశం మీద నిజంగా మెజారిటీ ఉందన్నది ఇప్పటికీ లాయర్ల మధ్య వాదనే.

టేనీ మొదట పౌరసత్వం తీసుకున్నాడు. బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, ఇప్పుడు స్వతంత్రులైనా సరే, రాజ్యాంగం ఉద్దేశించిన పౌరులు కారన్నాడు. రాజ్యాంగం రాసే నాటికి తెల్లవాడు గౌరవించి తీరాల్సిన హక్కంటూ వాళ్లకు ఏదీ లేదని అందరూ భావించేవారని రాశాడు. ఆ వాక్యమే ఆయన పేరుకు అంటుకుపోయింది. సరే, పౌరుడు కాకపోతే కోర్టుకు పరిధి లేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 14 రూల్ 2 చదివిన ఏ జూనియర్‌కైనా తర్వాత ఏం చేయాలో తెలుసు: ఫైలు మూసేయాలి.

టేనీ మూయలేదు. కాంగ్రెస్‌కు టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారమే లేదన్నాడు. బానిస ఆస్తి, రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం న్యాయప్రక్రియ లేకుండా ఆస్తిని లాక్కోకూడదు, కాబట్టి 1820 చట్టం మొదటి నుంచీ చెల్లదన్నాడు. అప్పటికే రద్దయిపోయిన చట్టాన్ని కొట్టేశాడన్నమాట. కాంగ్రెస్ చట్టాన్ని ఆ కోర్టు మొదటిసారి కొట్టేసింది 1803లో, ఇది రెండోసారి. ఆయన పక్షాన ఒక సమాధానం ఉంది: స్కాట్ బానిస అని తేలితే అదీ పౌరుడు కాడనడానికి మరో కారణమే, అందుకే రికార్డు మొత్తం చూశామని. వాదన తెలివైనదే. అయినా పరిధి లేదని చెప్పాక మిగిలినదంతా అనవసర వ్యాఖ్యేనని, ఎవరినీ కట్టిపడేయదని రిపబ్లికన్ లాయర్లు మరుసటి వారం నుంచే అనడానికి ఆయనే తలుపు తెరిచిపెట్టాడు.

కర్టిస్ భిన్న తీర్పు వాస్తవాల మీద నిలబడింది. న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, ఈ ఐదు రాష్ట్రాల్లో రాజ్యాంగానికి ముందే స్వతంత్ర నల్లజాతి పురుషులకు ఓటు ఉందని చూపించాడు. రాజ్యాంగాన్ని ఆమోదించిన ప్రజల్లో ఉన్నవాళ్లు దాని ప్రకారం పౌరులు ఎలా కాకుండా పోతారు? టేనీ దగ్గర దీనికి సరైన జవాబు లేదు. తర్వాత ఆయన తన తీర్పును సవరిస్తూ పెంచాడు. కాపీ అడిగితే కర్టిస్‌కు ఇవ్వలేదు. ఇద్దరి మధ్య ఘాటైన ఉత్తరాలు నడిచాయి. ఆ ఏడాదే కర్టిస్ రాజీనామా చేశాడు.

క్లయింట్ సంగతి. ఐరీన్ అప్పటికి మసాచుసెట్స్‌కు చెందిన కాల్విన్ చాఫీని పెళ్లి చేసుకుని ఉంది. ఆయన బానిసత్వాన్ని వ్యతిరేకించే కాంగ్రెస్ సభ్యుడు! పత్రికలు ఏకిపారేశాయి. కుటుంబాన్ని స్కాట్ పాత యజమాని కొడుకు టేలర్ బ్లో పేరిట రాసిచ్చారు. 1857 మే 26న బ్లో వాళ్లకు విముక్తి పత్రం ఇచ్చాడు. స్కాట్ 1858 సెప్టెంబరులో క్షయతో పోయాడు.

డగ్లస్ ఇరుక్కున్న చోటు

ఈ తీర్పు రిపబ్లికన్లను దెబ్బతీసిందని అప్పట్లో అందరూ అనుకున్నారు. టెరిటరీల్లో బానిసత్వాన్ని కాంగ్రెస్ ఆపాలన్నదే వాళ్ల ముఖ్య డిమాండు, అది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది. కానీ వాళ్లకు అది కొత్త ఊపిరి పోసింది. ఆ తీర్పు మేం ఒప్పుకోం, మళ్లీ విచారింపజేస్తాం అన్నారు. రేపు ఏ రాష్ట్రమూ బానిసత్వాన్ని నిషేధించకూడదని ఇంకో తీర్పు వస్తుందని రిపబ్లికన్ నాయకుడు లింకన్ 1858 జూన్‌లో హెచ్చరించాడు.

అసలు దెబ్బ డగ్లస్‌కు తగిలింది. కాంగ్రెస్‌కు లేని అధికారాన్ని కాంగ్రెస్ సృష్టించిన టెరిటరీ ప్రభుత్వానికి ఇవ్వలేదని టేనీ తీర్పులోనే రాశాడు. అంటే ‘అక్కడి జనమే తేల్చుకుంటారు’ అన్న సూత్రం కూడా పోయింది. ఉత్తరాది డెమోక్రాట్లూ దక్షిణాది డెమోక్రాట్లూ ఆ వాక్యాన్ని చెరో రకంగా అర్థం చేసుకుని ఇన్నాళ్లూ ఒకే గొడుగు కింద ఉన్నారు. జనం ఎప్పుడు తేల్చుకోవాలి, టెరిటరీగా ఉన్నప్పుడా, రాష్ట్రం అయ్యేటప్పుడా? ఎవరూ చెప్పలేదు కాబట్టే పార్టీ నిలిచింది. ఆ అస్పష్టతను కోర్టు తుడిచిపెట్టింది.

1858 ఆగస్టు 27న ఫ్రీపోర్ట్ సభలో లింకన్ ఇదే అడిగాడు: రాష్ట్రం కాకముందే టెరిటరీ జనం బానిసత్వాన్ని దూరంగా ఉంచే చట్టబద్ధమైన మార్గం ఏదైనా ఉందా? స్థానిక పోలీసు చట్టాలు కాపాడకపోతే బానిసత్వం ఒక్కరోజు కూడా బతకదు, ఆ చట్టాలు చేయకపోతే చాలు అని డగ్లస్ జవాబిచ్చాడు. ఈ మాట ఆయన అంతకుముందే చెప్పాడు. అయినా ఇల్లినాయిలో సెనేట్ సీటు నిలబెట్టుకోవడానికి పనికొచ్చిన ఆ జవాబు దక్షిణాదిలో ద్రోహంగా వినిపించింది. కోర్టు ఇచ్చిన హక్కును వెనక దారిలో లాక్కుంటున్నాడన్నారు. డిసెంబరులో సెనేట్ టెరిటరీల కమిటీ అధ్యక్ష పదవి నుంచి ఆయన్ను తప్పించారు. ఇక దక్షిణాది ‘మా జోలికి రావద్దు’తో ఆగలేదు. టెరిటరీల్లో బానిస ఆస్తిని కేంద్రమే చట్టం చేసి కాపాడాలంది. కాగితం మీద హక్కు చేతికొచ్చిన పక్షం తర్వాత అమలు అడుగుతుంది. డిక్రీ వచ్చాక ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసినట్టే.

1860 ఏప్రిల్‌లో చార్ల్‌స్టన్‌లో జరిగిన డెమోక్రాట్ల మహాసభలో ఈ డిమాండే పేలింది. అలాంటి చట్టం కావాలన్న తీర్మానం వీగిపోగానే అలబామా ప్రతినిధులతో మొదలై దక్షిణాదివాళ్లు లేచి వెళ్లిపోయారు. అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం 57 సార్లు ఓటింగ్ జరిగినా ఎవరికీ మూడింట రెండొంతులు రాలేదు. జూన్‌లో బాల్టిమోర్‌లో చీలిక పూర్తయింది. ఉత్తరాదికి డగ్లస్, దక్షిణాదికి బ్రెకిన్‌రిడ్జ్ అభ్యర్థులయ్యారు.

డెమోక్రాట్లు చీలారు కాబట్టే లింకన్ గెలిచాడని తరచూ చదువుతుంటాం. అంకెలు అలా చెప్పవు. లింకన్‌కు 180 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి, కావాల్సింది 152. ప్రత్యర్థుల ఓట్లన్నీ ఒక్కరికే పడినా ఆయన కోల్పోయేవి కాలిఫోర్నియా, ఒరెగాన్, న్యూజెర్సీల్లోని 11. అప్పుడూ 169తో గెలిచేవాడు. చీలిక చేసిన నష్టం వేరు. చర్చిలు పోయాక రెండు ప్రాంతాల నాయకులూ ఒకే గదిలో కూర్చుని బేరమాడుకునే పెద్ద సంస్థ ఆ పార్టీ ఒక్కటే మిగిలింది. డిసెంబరు 20న సౌత్ కరోలినా యూనియన్ నుంచి వైదొలగినప్పుడు, మాట్లాడుకోవడానికి ఆ గది లేదు.

తీర్పు తర్వాత తీర్పు

1861 మార్చి 4న లింకన్ చేత ప్రమాణం చేయించింది టేనీయే. ఆయన ఎదుటే లింకన్, ఇద్దరి మధ్య నడిచే మామూలు దావాలో కోర్టు చెప్పిన మాటే దేశం మొత్తం విధానాన్ని శాశ్వతంగా తేల్చేస్తే ప్రజలు తమను తాము పాలించుకోవడం మానేసినట్టే అన్నాడు. ఆ కేసు వల్ల కలిసినవాళ్లు తలో దిక్కుకు వెళ్లారు. స్కాట్ లాయరు బ్లెయిర్ లింకన్ మంత్రివర్గంలో చేరాడు. మిస్సోరీలో భిన్న తీర్పు రాసిన గ్యాంబుల్ యూనియన్ పక్షాన ఆ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నర్ అయ్యాడు. టేనీతో ఏకీభవించిన జస్టిస్ క్యాంబెల్ రాజీనామా చేసి, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ యుద్ధశాఖలో పనిచేశాడు.

1862 జూన్‌లో కాంగ్రెస్ టేనీ తీర్పును లెక్కచేయకుండా టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించింది. అదే ఏడాది నవంబరులో అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ బేట్స్, స్వతంత్రులుగా పుట్టిన నల్లజాతివాళ్లు పౌరులేనని అభిప్రాయం ఇచ్చాడు. ఆయనా సెయింట్ లూయిస్ లాయరే. 1868లో వచ్చిన 14వ సవరణ మొదటి వాక్యం, అమెరికాలో పుట్టి దాని అధికార పరిధికి లోబడినవాళ్లంతా పౌరులేనని రాజ్యాంగంలోనే రాసేసింది. సుప్రీంకోర్టు తనంతట తాను ఆ తీర్పును తిరగరాయాల్సిన అవసరం రాలేదు.